ఎడమ మెలిక

"ఆమె ఏం అడిగితే అది చేసిపెట్టు. ఎందుకని మాత్రం అడక్కు," అన్నాడు చీఫ్ ట్రస్క్.

అయోవా మొక్కజొన్న చేల మధ్య మట్టి రోడ్డు మీద కారు ఆపి మాట్లాడుకుంటున్నారు ఇద్దరూ. ఎవరికీ వినపడకూడదని అద్దాలన్నీ ఎత్తేశాడు చీఫ్. లోపల ఉడికిపోతున్నాడు ఏజెంట్ నోలన్ బ్రెక్.

"మూడు వారాల తర్వాత సోమవారం వాషింగ్టన్‌లో ఒక మనిషి సాక్ష్యం చెబుతాడు. మన క్షిపణుల డ్రాయింగులు పరాయి దేశానికి అమ్మిందెవరో అతనికి తెలుసు. హెరాన్ ముఠా ఈలోగా అతణ్ణి లేపెయ్యాలని చూస్తోంది."

"ఎవరా మనిషి?"

"అది నీకనవసరం. ముఠావాళ్లు ఈ చుట్టుపక్కల పాత తూటా మిషన్లు కొంటున్నారు. వేలంపాటల్లో, చనిపోయినవాళ్ల సామాను అమ్మకాల్లో, ఎక్కడ పడితే అక్కడ. ఎందుకో మాకు అంతుపట్టడం లేదు. మన ఆఫీసులో ఆ మిషను హ్యాండిల్ పట్టుకున్నవాడివి నువ్వొక్కడివే. వెళ్లి కొట్టు తెరువు. ముఠాలో మన మనిషి ఉంది, కొరీన్ అని. తనే వస్తుంది నీ దగ్గరికి."

తూటా మిషన్లంటే నోలన్‌కు చిన్ననాటి నుంచీ పిచ్చి. ఆ ఊళ్లలో మట్టి పళ్లేల్ని ఎగరేసి కాల్చే ట్రాప్ ఆట ఆడేవాళ్లెవరూ పేల్చిన తూటా గొట్టాన్ని పారెయ్యరు. ఇంటికి తెచ్చి, మిషనులో పెట్టి, హ్యాండిల్ లాగి మళ్లీ మందు, సీసం గుళ్లు నింపుకుంటారు. చివర్లో మిషను ఆ ప్లాస్టిక్ మూతిని మడతలు మడతలుగా ముడిచేస్తుంది. కొత్త మిషను ఖరీదు చూసి గుండెలు బాదుకునేవాళ్లు పాతవి కొని, విప్పి, అరగదీసి, తమకు తగ్గట్టు మార్చుకుంటారు.

వారం తిరగకుండా ఒక పాత కొట్టాంలో నోలన్ కొట్టు వెలిసింది. పెట్టుడు మీసం, నూనె మరకల ఆప్రాను, ఆప్రాను గుండీలో కెమెరా. నాలుగో రోజున తెల్ల టోపీ పెట్టుకుని దిగింది కొరీన్. ఆ నూనె కంపులో ఆమె సెంటు వాసన ఒక్కసారిగా కొట్టాం అంతా నిండిపోయింది.

"ఎడమచేతివాటం మిషను ఉందా?"

"అలాంటిది పుట్టనే లేదు మేడమ్."

కోడ్ కలిసింది. ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి ఎర్ర తూటా ఒకటి తీసి బల్ల మీద నిలబెట్టింది. దాని మూతి మడతలన్నీ మధ్యకొచ్చేసరికి ఎడమవైపు మెలి తిరిగిపోయి ఉన్నాయి.

"అచ్చం ఇలాంటి మూతి వచ్చే మిషను కావాలి. పాతదే కొని మార్చు."

"ఇంత దరిద్రంగా ఎవరు నింపారండీ?"

"ముఠా కొరియరు. ఫిల్ము ముక్క తూటాలో పెట్టి ట్రాప్ మైదానంలో చేతులు మారుస్తాడు. అక్కడ ఒకరి తూటాలు ఒకరు అడిగి తీసుకోవడం మామూలేగా, ఎవరూ పట్టించుకోరు. మధ్యలో నేను నకిలీది పెట్టి అసలుది కొట్టేస్తాను."

నోలన్ తలూపాడు. తర్వాత ఆ తలూపినందుకు తనను తాను ఎన్ని తిట్లు తిట్టుకున్నాడో లెక్కలేదు. అప్పుడు మాత్రం అతని చెవులు పనిచెయ్యలేదు, కళ్లన్నీ ఆ మెలిక మీదే ఉన్నాయి. ఏ భాగం ఎంత వంగితే ఇలా వస్తుంది? అదొక్కటే బుర్రలో తిరుగుతోంది.

చనిపోయిన ఒక రైతు సామాను అమ్ముతుంటే వెళ్లి మిషను కొన్నాడు. మూతి ముడిచే గిన్నెను ఒకవైపు అరగదీశాడు, అడుగున పల్చటి రేకు దూర్చాడు, కాడను కొంచెం పక్కకు జరిపాడు. మొదట్లో మూతులు నలిగి చచ్చాయి. తిండి మానేసి మళ్లీ విప్పాడు. చివరికి ఒక ఖాళీ తూటా బయటికొచ్చి నమూనా పక్కన నిలబడితే ఏది ఏదో తనకే తెలియలేదు. "శభాష్ రా నోలన్!" అనుకున్నాడు గట్టిగా. కొరీన్ మిషను డిక్కీలో పెట్టించుకుని, అతని చెంప మీద తట్టి వెళ్లిపోయింది.

శనివారం కౌంటీ క్లబ్బులో పోటీలు. వేషం నిలబెట్టుకోవాలి కాబట్టి నోలన్ కూడా రెండు మిషన్లు వేసుకుని అమ్మకానికి వెళ్లాడు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో పళ్లెమంత పోర్కు ముక్క పెట్టిన బన్ను తింటుంటే పక్క బల్ల దగ్గర గోల మొదలైంది.

"ఆర్లో, నీ తూటాలకు పక్షవాతం వచ్చిందేమిటయ్యా? మూతులన్నీ ఎడమకే తిరిగాయి!" అన్నాడు షెరీఫ్ ఓగ్డెన్, బొజ్జ ఊగేలా నవ్వుతూ.

"మూతితో నీకేం పని? నువ్వేమన్నా ముద్దు పెట్టుకుంటావా?" అన్నాడు ఆర్లో. ప్యాంటు పడిపోకుండా భుజాల మీదికి పట్టీలేసుకున్న బక్కపల్చటి ముసలాయన. "పేలుతోందా లేదా చూడు. కావాలంటే ఒకటి తీసుకుపోయి కాల్చుకో."

"అమ్మో! పెళ్లాం పిల్లలు ఉన్నవాణ్ణి. నా సొంత తమ్ముడు నింపిందే నేను ముట్టుకోను, నువ్వు నింపిన తూటా నా తుపాకీలో పెడతానా?"

"వదిలెయ్యండయ్యా. సోమవారం వాషింగ్టన్ పోతున్నాడు, పెద్దమనుషుల ముందు కూర్చోవాలి, కొత్త టై కూడా కొన్నాడు," అందింకో గొంతు. "క్షిపణుల ఫ్యాక్టరీలో చేసినాయన, మజాకానా!"

అందరూ పగలబడి నవ్వారు. నోలన్ మాత్రం బన్ను బల్ల మీద పెట్టేశాడు. చీఫ్ తన దగ్గర దాచిన పేరు క్యాంటీన్ అంతటికీ తెలుసు!

ఒకరు నింపిన తూటా ఇంకొకరు పేల్చరు. లోపల మందు ఎంత పోశాడో నింపినవాడికే ఎరుక. అది నోలన్‌కు మాటలు రాకముందే నాన్న నేర్పిన సంగతి. మరి "అడిగి తీసుకోవడం మామూలే" అని ఆ ఆడమనిషి అంటే ఎలా ఊరుకున్నాడు? కొరియరూ లేడు, ఫిల్మూ లేదు. ముఠా పాత మిషన్లు కొన్నది ఈ మెలిక కోసమే. ఆర్లో ఎవరి తూటాలూ పేల్చడు కాబట్టి అతన్ని చంపాలంటే చావు అతని సొంత తూటాలా కనబడాలి. మందు దట్టించి అలాగే మూతి ముడిచిన తూటాలు అతని పెట్టెలో మార్చేస్తే, తుపాకీ ముఖం మీద పేలిపోయినా ఎవరికీ అనుమానం రాదు. "పాపం, ముసలాడి డొక్కు మిషను, మందు ఎక్కువ పోసుకున్నాడు," అని పాతిపెట్టి వస్తారు. ఆ చావుకు అచ్చు పోసింది తన చేతులే.

ముందు చీఫ్‌కు చెప్పి తీరాలన్నది రూలు. రూలు ప్రకారం బయటికి పరుగెత్తి ఫోన్ చేశాడు.

"మీ సాక్షి ఆర్లో కదూ?"

"ఎవరు చెప్పారు నీకు?"

"ఊరంతా చెప్పింది. సార్, కొరీన్ మనది కాదు."

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఆమెను చేర్చుకున్నది నేను!"

"ఇక్కడ ఒకరి తూటాలు ఒకరు తీసుకుంటారని నాతో చెప్పింది. ఎవ్వడూ తీసుకోడు సార్, చచ్చినా తీసుకోడు."

"తూటాల మర్యాదలు పట్టుకుని నా ఏజెంటును దొంగంటావా?"

నోలన్ ఫోన్ కట్ చేశాడు. లోపలికి వస్తే ఆర్లో కుర్చీ ఖాళీగా ఉంది.

మైదానంలో ఐదుగురు వరసగా నిలబడి ఉన్నారు. మొదటివాడు షెరీఫ్. ఐదోవాడు ఆర్లో. ఒకరి తర్వాత ఒకరు, తలా ఒక దెబ్బ. వెనక బెంచీ మీద తెల్ల టోపీలో కొరీన్. నోలన్‌ను చూసి చిన్నగా నవ్వి వేలు పెదవుల మీద పెట్టుకుంది.

"పుల్!" అరిచాడు షెరీఫ్. పళ్లెం ఎగిరింది, తుపాకీ పేలింది.

"ఆర్లో గారూ, ఆగండి!" గొంతు చించుకున్నాడు నోలన్. ఐదుగురికీ చెవులకు చప్పుడు ఆపే మఫ్లు. ఎవరూ తిరగలేదు.

రెండో తుపాకీ పేలింది. వెనక నుంచి వెళ్లి పట్టుకుంటే? ట్రిగ్గరు మీద వేలున్న మనిషిని ఉలిక్కిపడేలా చేస్తే అయిపోయినట్టే.

మూడోది పేలింది. అప్పుడు కనబడింది, గడ్డిలోంచి పళ్లేలు ఎగరేసే గుంటలోకి పోతున్న నల్లటి కరెంటు వైరు. తుపాకీని ఆపలేకపోతే పోనీ. పళ్లేన్ని ఆపొచ్చు. ఎదురుగా పళ్లెం లేకుండా ట్రాప్ ఆడేవాడెవడూ ట్రిగ్గరు నొక్కడు.

నాలుగోది పేలింది. ఆర్లో తుపాకీ భుజానికి ఆనించాడు, చెంప ఆనించాడు. నోలన్ ప్లగ్గు మీద పడి రెండు చేతులతో లాగాడు.

"పుల్!"

ఏమీ ఎగరలేదు.

"పుల్ అంటుంటే! చచ్చిందా ఏమిటిది?" అంటూ ముసలాయన తుపాకీ దించి మఫ్లు తీసేశాడు.

నోలన్ గడ్డి మీదే బోర్లా పడి ఉన్నాడు. మీసం ఊడి చెంపకు వేలాడుతోంది. "తూటా తీసెయ్యండి ఆర్లో గారూ. అది మీరు నింపింది కాదు."

"నాది కాకపోవడమేమిటి? ఈ వంకర మూతి ఇంకెవడికుంది?" అన్నాడు ఆర్లో. తుపాకీ మడిచి తూటా తీశాడు. పెట్టెలో మిగిలినవి కూడా అరచేతిలో పోసుకుని ఎండకు తిప్పి చూశాడు. చూస్తూ చూస్తూ అతని ముఖం పాలిపోయింది.

"ఓగ్డెన్, ఇలా రా. నా మిషను తాగుబోతులా ఊగుతుంది, ఏ రెండు మూతులూ కలవవు. ఇవేమో బళ్లో వరసగా నిలబెట్టిన పిల్లల్లా ఒక్కలాగే ఉన్నాయి."

నోలన్ తెల్ల టోపీ వైపు వేలు చూపించాడు. కొరీన్ పారిపోలేదు. ఎదురుగా తుపాకులు పట్టుకున్న ఐదుగురుంటే ఎక్కడికని పోతుంది? తాపీగా సిగరెట్ వెలిగించుకుంది.

"పని మరీ బాగా చేశావు నోలన్. నా కొంప ముంచింది అదే."

షెరీఫ్ ఆమెను నడిపించుకుపోయాడు. నోలన్ జేబులో చీఫ్ చేస్తున్న ఫోన్ మోగుతూనే ఉంది. అతను ఎత్తలేదు.

ఆర్లో బెంచీ మీద కూలబడ్డాడు. "ఎవడు మార్చాడు ఆ మిషనుని?"

అబద్ధమాడడం నోలన్ వృత్తి. ఆ పూట మాత్రం నోరు రాలేదు. "నేనేనండీ. దేనికో తెలియదు. తెలిసుంటే ఈ చెయ్యి నరుక్కునేవాణ్ణి." చెబుతుంటే కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

ముసలాయన అతని చేతుల వంక చూశాడు.

"ఏళ్ల తరబడి ఆ మెలిక ఎలా పోగొట్టాలో తెలియక నేను చస్తుంటే, నువ్వు తిండి మానేసి కూర్చుని పెట్టావా? రేపు పొద్దున్నే మా ఇంటికి తగలడు. పెట్టినవాడికి తియ్యడం చేతకాదంటే మాత్రం ఊరుకోను."