పసుపు లేని బొట్టు

దయానంద్‌ను నగరి బస్టాండులో, పట్టపగలు, చెన్నై బస్సు ఎక్కుతుండగా కాల్చేశారు. తుపాకికి సైలెన్సర్ ఉంది. మనిషి మెట్ల మీద కూలబడ్డాక కూడా కండక్టర్ "లెయ్యప్పా, పొద్దున్నే తాగినావా?" అని గదిమాడట. దయానంద్ జీవితంలో చుక్క ముట్టినవాడు కాదు. సబ్‌స్టేషన్లను భూకంపాల నుంచి కాపాడటమే ఆయన ఉద్యోగం.

సరిగ్గా పదకొండూ పదికి ఏజెంట్ దామోదరం ఫోన్ మోగింది. నగరి శివార్లలోని ఫోర్ హండ్రెడ్ కేవీ సబ్‌స్టేషన్‌లో అతను ఆయిల్ శాంపిళ్లు తీసే టెక్నీషియన్ వేషంలో ఉన్నాడు.

"దయానంద్ పోయాడు," అన్నాడు చీఫ్. "నిస్సీ మెసేజ్ పంపింది. గూడూరు నిమ్మకాయల్లో తొమ్మిది కుళ్లాయి. పదకొండూ నలభైకి లారీ."

దామోదరం సంకేతం విప్పుకున్నాడు. నిమ్మకాయలంటే బోల్టులు. లారీ అంటే పేలుడు.

రెండొందల టన్నుల ట్రాన్స్‌ఫార్మర్ చక్రాలతో పట్టాల మీద కూర్చుంటుంది. భూమి కదిలితే అది జారకుండా చక్రాలను పట్టాలకు బిగించే క్లాంపులే దిక్కు. పలమనేరు వైపు భూమి రెండుసార్లు కంపించాక దయానంద్ పట్టుబట్టి వాటిని పెట్టించాడు. ట్రాన్స్‌ఫార్మర్ జారిందా, నెత్తిమీద తీగలను మోసే పింగాణీ బుషింగులు చెరకు గడల్లా విరుగుతాయి, నూనె భగ్గుమంటుంది. కొత్తది తయారై రావడానికి ఏడాదిన్నర. అందాకా తిరుపతి ఆస్పత్రుల గతి దేవుడికే ఎరుక. పాడుబడ్డ క్వారీల్లో మందుగుండు దాచి నేలను కుదిపేస్తే అందరూ భూకంపమే అనుకుంటారు. భూకంపం మీద కేసు పెట్టే మొనగాడెవడు? విదేశీ ముఠా ఎత్తు అది.

"బాంబ్ స్క్వాడ్?"

"వెతుకుతోంది. పదకొండూ నలభై లోపల దొరకదు."

"నిస్సీని నమ్మొచ్చా?"

"ఆమె వాళ్లకీ పనిచేస్తుంది, మనకీ పనిచేస్తుంది. నువ్వే తేల్చుకో." లైన్ కట్.

అయిదు నిమిషాల్లో ఎర్ర సిల్కు చొక్కా, నల్లకళ్లద్దాలతో నిస్సీ గేటు దాటి వచ్చింది. చేతిలో సైస్మిక్ కన్సల్టెంట్ అని దొంగ కార్డు. సత్యవేడు పిల్ల, నాలుగు దేశాల పోలీసులకు నిద్ర లేకుండా చేసింది.

"ఏ తొమ్మిది?"

"తెలీదు. నిన్న మార్చినారు. లోపల సగం కోసిన బోల్టులు. తొమ్మిదని మాత్రం విన్నా."

"దయానంద్‌ను ఎందుకు కాపాడలేదు?"

ఆమె అద్దాలు తీసింది. కళ్లు ఏడ్చి ఏడ్చి వాచి ఉన్నాయి. "బస్సు ఎక్కొద్దని ఫోన్ చేసినా. ఎత్తలేదు."

ట్రాన్స్‌ఫార్మర్ కింద క్లాంపులకున్నవి నలభై ఎనిమిది బోల్టులు. స్టోర్లో దొరికిన మంచివి తొమ్మిదే. పగుళ్లు పట్టే అల్ట్రాసోనిక్ పెన్ను ట్రాన్స్‌ఫార్మర్ హోరుకి తిక్కపట్టి, ప్రతి బోల్టూ పగిలిందనే చెప్పింది. అన్నీ ఊడదీసి చూసే టైమ్ లేదు. పదకొండూ ఇరవై నాలుగు. దామోదరానికి నిజంగా ఏడుపొచ్చింది. దొంగ బోల్టును పోల్చుకోవాలని గుడ్డతో ఒకదాన్ని తుడవబోయాడు.

"తుడవద్దు నాయనా!" యార్డు ఊడ్చే రుక్మిణమ్మ చీపురు పారేసి ఉరికి వచ్చింది. "మొన్న ఆయుధపూజకి మోకాళ్లమీద పాకి ఒక్కోదానికీ బొట్టు పెట్టినాను."

నిజమే, అన్నింటికీ కుంకుమ ఉంది. మార్చినవాళ్లు అది కూడా మరిచిపోలేదు. దామోదరం ఆశ అడుగంటింది.

ముసలమ్మ వంగి చూసింది. "ఇది నేను పెట్టింది కాదే! కింద పసుపు యాడుండాది? పసుపు పుయ్యకుండా ఉత్త కుంకుమ ఎవురన్నా పెడతారా?"

దామోదరం ఆమె కాళ్లకు దండం పెట్టినంత పని చేశాడు. "అవ్వా, పసుపు లేనివన్నీ చూపించు. తొందరగా!"

ఆమె చూపించినచోటల్లా లైన్‌మన్ పాల్ ఒక స్పానర్‌తో, నిస్సీ ఇంకోదానితో పడ్డారు. బోల్టు ఊడదీయడం, మంచిది బిగించడం. ఎనిమిది అయ్యాయి. పసుపు లేనివి ఇంకా రెండున్నాయి. చేతిలో బోల్టు ఒక్కటే.

"తొమ్మిదన్నావు!" దామోదరం నిస్సీ మీద విరుచుకుపడ్డాడు.

"తొమ్మిదే!"

పాల్ చెమట తుడుచుకున్నాడు. "సార్... ఒగటి నాది. అవ్వకి మోకాలు నొప్పంటే నేను పెట్టినా. మాది చర్చికి పొయ్యే ఇల్లు. పసుపు సంగతి నాకేం తెలుసు?"

"రెండింట్లో ఏది?"

"గుర్తు లేదు సార్."

పదకొండూ ముప్పై ఎనిమిది. పాల్ మోకరిల్లి తన బొటనవేలు మొదటి బొట్టు మీద ఆనించాడు. వేలు పెద్దది, బొట్టు చిన్నది. రెండోదాని మీద పెట్టాడు. అచ్చుగుద్దినట్టు సరిపోయింది. "ఇది నాది సార్!"

అప్పటికే నిస్సీ మొదటిదాని దగ్గర కంకర మీద బోర్లా పడుకుంది. దొంగ బోల్టు ఊడింది, మంచిది దిగింది.

"చాలు, బయటికి రా!"

"ఇంకో రెండు చుట్లుండాయి."

అబద్ధమే చెప్పి ఉంటే అందరికన్నా ముందు పరుగెత్తేది ఆమే. దామోదరానికి తన అనుమానం మీద సిగ్గేసింది. పక్కన పడుకుని స్పానర్ పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి ఒక చుట్టు తిప్పారు. రెండోది తిప్పుతుండగా నేల ఎగిరింది.

కంకర మొహానికి కొట్టింది. ట్రాన్స్‌ఫార్మర్ మూలిగింది, చక్రాలు కీచుమన్నాయి, పైన బుషింగులు ఊగాయి. రుక్మిణమ్మ గోవిందా అంది, పాల్ యేసయ్యా అన్నాడు. ఎన్ని క్షణాలో ఎవరూ లెక్కపెట్టలేదు. క్లాంపులు పట్టు వదల్లేదు. హోరు ఆగలేదు.

"ఇప్పుడన్నా నమ్మినావా?" అంది నిస్సీ, నోట్లో దుమ్ము ఉమ్మేస్తూ. దామోదరం ఆమె చెయ్యి పట్టుకుని లేపాడు. లేచాక కూడా ఆ చెయ్యి వదల్లేదు.

క్వారీ నుంచి పారిపోతున్న ముగ్గురిని పుత్తూరు దగ్గర పట్టుకున్నారు. చుట్టుపక్కల నష్టమెంతో కనుక్కోమని చీఫ్ ఆర్డర్. దామోదరం గోడ పక్కనే ఉన్న మరమగ్గాల షెడ్డులోకి వెళ్లి, నేల అదిరే ఆ చప్పుడులో గొంతు చించుకుని అడిగాడు.

"భూకంపమా? ఎప్పుడప్పా?" అన్నాడు మగ్గం ఆపకుండా నేతగాడు మునిరామయ్య. "ఈడ పొద్దస్తమానం అదే కదా. కరెంటు పోతే చెప్పు, అప్పుడు భయపడతాం."