యథాస్థితి వర్గం

“పరిశోధన ప్రశ్న నమోదైంది,” అంది గోడ మీది తెరలోంచి, ప్రణాళికలకు అనుమతులిచ్చే యంత్రం యోజని. “ఇప్పుడు తరగతిని రెండు వర్గాలుగా విడదీస్తున్నాను.”

స్వరూప టీచర్ చల్లారిన చాయ్ పక్కకు జరిపింది. మొదటి గంటకు ఇరవై నిమిషాలుంది. ప్రతి మాటా ముందే రాసి ఇచ్చిన పాఠరేఖను పొల్లుపోకుండా అప్పజెప్పడమే ఉపాధ్యాయుల పని. అందులో ఒక్క వాక్యం మార్చాలన్నా సొంత తరగతిపై పరిశోధన పేరుతో ప్రణాళిక రాసి, యోజనిని ఒప్పించాలి. అంత తలనొప్పి ఎందుకని ఆ మండలంలో ఎవరూ ఏదీ మార్చరు.

ఆమె ప్రశ్న చిన్నది. పిల్లలు అందరూ కలిసి కాకుండా ఒక్కొక్కరే జవాబు చెబితే ఏమవుతుంది?

పాఠరేఖ ప్రకారం టీచరు వాక్యాన్ని సగంలో ఆపుతుంది. ముప్పై నాలుగు గొంతులు మిగతా సగం అరుస్తాయి. పైకప్పులోని స్వరమాపిని ఆ మోతను కొలిచి పచ్చదీపం వెలిగిస్తుంది. నిజంగా తెలిసినవాడికీ, గుంపులో గోవిందా అన్నవాడికీ ఒకటే దీపం. మూడో వరుసలోని భూమిక పెదవులు మాత్రమే ఆడిస్తోందని స్వరూప పోయిన వారమే పసిగట్టింది. పక్కన కూర్చోబెట్టుకుని పుస్తకం తెరిస్తే ఆ పిల్ల తల దించుకుంది.

“నాకు సదువ రాదు టీచర్. నన్నెవ్వరు అడగలే.”

ఈ ఏడాదే మొదలైన స్థాయి నిర్ణయ పరీక్ష పది వారాల్లో ఉంది. ఒంటరిగా చదవలేనివాళ్లను, అన్నీ విని నేర్చుకునే శ్రవణ శాఖకు పంపుతారు. ఆ తర్వాత వాళ్ల చేతికి పుస్తకం ఇవ్వరు.

తెర మీద పేర్లు రెండు వరుసల్లో పడ్డాయి. పదిహేడు మందికి కొత్త పద్ధతి. పదిహేడు మందిది పాత పద్ధతే సాగే యథాస్థితి వర్గం, పన్నెండు వారాలు. భూమిక పేరు రెండోదాంట్లో ఉంది.

“ఆ పిల్లను ఇటు మార్చు.”

“మీరు ఎంచుకుంటే ఫలితం చెడుతుంది.”

అదీ నిజమే. మార్చినా ఆ ఖాళీలోకి ఇంకో పిల్ల పోతుంది. స్వరూపకు కోపం వచ్చింది, యంత్రం మీద కన్నా తన మీద ఎక్కువ.

“రెండో వర్గమే లేకపోతే?”

“పోల్చడానికి ఎవరూ ఉండరు. ప్రణాళిక తిరస్కరిస్తాను.”

హెడ్మాస్టర్ నర్సింలు లోపలికి వచ్చాడు. ముప్పై ఒక్కేళ్లవాడు, ఆమె మొదటి బ్యాచ్ విద్యార్థి. పైనుంచి వచ్చే ఉత్తర్వులు అతని చెవిలో గుసగుసలాడుతూనే ఉంటాయి.

“ఎందుకు టీచర్ గీ లొల్లి? ఇరవై రెండేండ్ల సంది మీయన్ని పచ్చలే. గసొంటి రికార్డు ఎవ్వలకున్నది?”

స్వరూప అతనివైపు ఒక క్షణం చూసింది. తెరవైపు తిరిగి, ముప్పై నాలుగు పేర్లనూ మొదటి వర్గంలోకి లాగింది.

“యథాస్థితి వర్గం రాసుకో. ఇరవై రెండేళ్లుగా నేను పాత పద్ధతిలో పాఠం చెప్పిన పిల్లలు. ఏడు వందల నలభై ఎనిమిది మంది.”

యోజని లెక్క తేల్చింది.

“వాళ్లకు చదువు వచ్చినట్టు ధ్రువీకరణ ఉంది. అది సందేహమని నమోదు చేస్తే ఒక్కొక్కరినీ పిలిచి చదివించి చూడాలి. ఇదే పాఠరేఖ నడిచిన పదకొండు వేల తరగతులకూ ఆ సందేహం వర్తిస్తుంది. మీ సేవాపత్రం రద్దయి ఉద్యోగం పోవచ్చు. అంగీకరిస్తారా?”

“టీచర్, ఆగుండ్రి!” అన్నాడు నర్సింలు.

ఆమె తెర మీద బొటనవేలు నొక్కింది. ప్రణాళికకు అనుమతి వచ్చింది. పాత పేర్లు, బ్యాచ్ వెంట బ్యాచ్, గోడంత తెర మీద పరుచుకున్నాయి. ఎక్కడో కార్యాలయాల్లో ఫోన్లు మోగడం మొదలై ఉంటుంది. నర్సింలు చెవిలోని యంత్రం తీసి జేబులో వేసుకున్నాడు.

“నా పేరు గూడ ఉన్నదా?”

“ఉన్నది.”

అతను తెరవైపు చాలాసేపు చూశాడు. అతని పేరు మొట్టమొదటి వరుసలోనే, అరచేయంత అక్షరాల్లో ఉంది.

“యాడున్నది టీచర్?”

స్వరూప తెర దగ్గరికి నడిచింది. “రా నర్సింలూ,” అని, అతని పేరులో మొదటి అక్షరం కింద వేలు పెట్టి ఆగింది.