ఒటీలియా పిలుపు

"రా నాయనా, సూపు చల్లారిపోతోంది!" అని ఒటీలియా వాకిట్లోంచి కేకేసిందో లేదో, లోపలికొచ్చిన రైన్‌హోల్డ్ బల్ల మీది పళ్ళెం తీసి గోడకేసి కొట్టాడు. వేడి సూపు గోడంతా కారింది! ఒటీలియా పరుగున లోపలికొచ్చింది. ఏమంది తను? కన్నకొడుకుని తిండికి పిలిచింది... అంతేగా!

"చూశావటే నీ కొడుకు నిర్వాకం!" ఆమె భర్త గాట్లీబ్ కుర్చీలోంచి లేచాడు. "అమెరికా తరఫున ఫ్రాన్సులో జర్మన్లతో యుద్ధం చేసొచ్చి దొరగారయ్యాడు! మన జర్మను మాట చెవినపడితే చాలు, ఒంటికి కారం రాసినట్టుంది వీడికి! ఒరేయ్, రష్యాలోని మన జర్మను పల్లె వదిలి ఓడెక్కి అమెరికా వచ్చి, ఈ డకోటాలో గడ్డివేళ్ళ మట్టిపెళ్ళలు పేర్చి గుడిసె కట్టుకుని, ఐదేళ్ళు కదలకుండా పడుంటే సర్కారిచ్చిందిరా ఈ పొలం! ఆదివారంలోగా మీ అమ్మకి మన మాటలో క్షమాపణ చెప్పావా, సరే. లేదంటే నీ దారి నువ్వు చూసుకో!"

విసురుగా ఆయన గుర్రాల దగ్గరికి వెళ్ళిపోయాడు. రైన్‌హోల్డ్ ఇంగ్లీషులో ఏదో గొణిగి బయటికి నడిచాడు. యుద్ధం నుంచి వచ్చి నాలుగు నెలలైంది. వాడు ఇంగ్లీషు తప్ప మాట్లాడడు, ఆమెకా భాష రాదు! తల్లీ కొడుకూ ఒకే కప్పు కింద మూగవాళ్ళలా బతకడం... ఇలాంటి రాత ఏ తల్లికైనా ఉంటుందా? గోడ తుడుస్తూ తలెత్తిన ఆమెకు, తలుపు పక్కన మేకుకు వేలాడాల్సిన బాతుల వేట తుపాకీ కనిపించలేదు.

పడుతూ లేస్తూ పశువులశాలకు పరుగెత్తింది. రైన్‌హోల్డ్ గడ్డి మీద కూర్చున్నాడు. ఒళ్ళో తుపాకీ!

"మీ నాన్న మాటలకేనా ఇంత? ఆయనదంతా నోరే గానీ..."

"నాన్న సంగతి కాదమ్మా."

ఎన్నాళ్ళకు విన్నది వాడి నోట తమ జర్మను మాట! కానీ ఆ గొంతు విని సంతోషించే ధైర్యం ఆమెకు కలగలేదు.

"నాకు జర్మను వచ్చని మా కెప్టెనుకు తెలిసింది. ఒకరోజు పొద్దున్నే పొగమంచులో అవతలి పక్షం జర్మను కుర్రాళ్ళు దారి తప్పారు. వాళ్ళని పిలవమన్నాడు. నాకు పిలవడం నీ దగ్గరే కదా వచ్చింది... 'రండి నాయనా, సూపు చల్లారిపోతోంది' అన్నాను. అచ్చం నీలాగే! నవ్వుకుంటూ వచ్చారమ్మా... పదకొండు మంది!"

"వచ్చాక?"

"మా మెషిన్‌గన్ అక్కడే ఉంది."

నాలుగు నెలలుగా పూటపూటా ఆ మాటతోనే కదా తను వాణ్ణి పిలిచింది! ప్రేమనుకుని చెవిలో నిప్పులు పోసింది! ఆమె తేరుకునేసరికి రైన్‌హోల్డ్ వెనక తలుపు దాటి మడుగు వైపు నడుస్తున్నాడు, తుపాకీతో.

పిలవాలి! నోరు తెరిచింది. కానీ ఆమెకున్నది ఆ గొంతే... ఇప్పుడది వాడి చెవిన పడితే? రెండు చేతులతో నోరు నొక్కుకుని, కోసిన గోధుమ పొలానికి అడ్డంపడి పరుగెత్తింది. యాభై దాటిన మనిషి! చెప్పులు ఊడిపోయినా, పాదాల్లో గోధుమ కొయ్యకాళ్ళు గుచ్చుకుని నెత్తురు కారుతున్నా ఆగలేదు. మడుగు ఒడ్డున వాడి చొక్కా వెనకనుంచి గుప్పిట పట్టి, ఒక్క మాట లేకుండా, వాడి వీపుకు తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది.

చివరికి రైన్‌హోల్డ్ తుపాకీని నీళ్ళలోకి విసిరేశాడు. ఆమె పరుగు చూసి వెనకాలే రొప్పుతూ వచ్చిన గాట్లీబ్, దారిలో ఏరుకొచ్చిన ఆమె చెప్పులు ఒడ్డున పెట్టాడు. రైన్‌హోల్డ్ మోకాళ్ళ మీద కూర్చుని తల్లి పాదం చేతిలోకి తీసుకున్నాడు.

"నొప్పిగా ఉందా అమ్మా?" అని అడిగాడు, వాళ్ళ మాటలోనే.