సమూయేలు స్వెట్టరు

"కృపమ్మా! ఫోనూ!"

పక్కనున్న ఎస్టీడీ బూతులోంచి మస్తానయ్య కేక వేసేసరికి కృపారాణి వేసిన దోసె పెనం మీద ఉంది. తిరగెయ్యాలా, పరుగెత్తాలా అని ఒక్క క్షణం ఊగిసలాడి, "నిరోషా, దోసె చూడు!" అని కూతుర్ని కేకేసి, తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ బయటికి ఉరికింది. నిరోష జడ అల్లుకుంటూ వచ్చేలోపు దోసె మాడనే మాడింది. ఆ ఇంట్లో మాడిన దోసెకు ఎవరూ అలగరు. ఊలు వ్యాపారం మొదలైన దగ్గర్నుంచీ పొద్దుటి దోసెల్లో ఒకటి ఫోనుకు బలి కావడం వాళ్లకు అలవాటే.

ఆత్మకూరు బస్టాండు వెనక సందులో ఉన్న ఆ ఇంటికి బోర్డు లేదు, కొట్టూ లేదు. ముందు గదిలో రెండు ఇనప పెట్టెల నిండా ఊలు ఉండలు ఉంటాయి, అంతే. కృపారాణి రంగురంగుల ఊలు ముక్కల్ని అట్టల మీద అతికించి, పక్కన నంబర్లు వేసి, ఉదయగిరి, అనంతసాగరం, సంగం దాకా నర్సమ్మలకూ టీచరమ్మలకూ పంచిపెట్టింది. వాళ్లు ఆ అట్ట ముందు పెట్టుకుని మస్తానయ్య బూతుకు ఫోను చేస్తారు. "ఏడో నంబరు, నాలుగుండలు" అంటే చాలు, సాయంత్రానికల్లా పొట్లం బస్సులో వాళ్ల ఊరు చేరుతుంది. కొనేవాళ్లలో సగం మంది మొహాలు ఆమె ఎన్నడూ చూడలేదు. గొంతులు మాత్రం బాగా తెలుసు. మొగుడు డేవిడ్‌రాజు అనంతసాగరంలో బడిపంతులు. "నీ గిరాకీ అంతా గాల్లోనే ఉండాది గదే" అని ఎగతాళి చేస్తూనే, బడికి పోతూ పోతూ ఆ పొట్లాలను తనే కండక్టర్లకు అప్పజెప్పేవాడు.

ఫోను మాట్లాడి వచ్చేసరికి అత్త రాహేలమ్మ వరండాలో పీట మీద కూర్చుని, అల్లిక సూదులు ఒళ్లో పెట్టుకుని ఎదురుచూస్తోంది.

"ఆర్డరేనా?"

"ఆర్డరే అత్తా. పసిబిడ్డ స్వెట్టరు, టోపీ."

"బిడ్డ పేరేంది?"

చిక్కంతా అక్కడే ఉంది. రాహేలమ్మ చిన్నప్పుడు ఉదయగిరి మిషన్ బంగళాలో దొరసాని దగ్గర అల్లిక నేర్చుకున్న మనిషి. ఎవరి బిడ్డకు అల్లుతోందో పేరు తెలియందే సూది కదపదు. ఒక్కో వరస పూర్తి కాగానే ఆ బిడ్డ పేరెత్తి ఒక మాట ప్రార్థన చేస్తుంది. కాళ్లు గట్టిపడాలని, జ్వరాలు రాకూడదని, బడికి పోయి బుద్ధిగా చదువుకోవాలని. పేరు లేకుండా అల్లితే అది ఉట్టి గుడ్డేనని ఆమె నమ్మకం.

"కరుణాకరు" అంది కృపారాణి, గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ. కరుణాకరూ లేడు, ఆ ఆర్డరూ లేదు. ఫోనులో టీచరమ్మ అడిగింది ఉట్టి ఊలే.

రాహేలమ్మకు చూపు పోయి ఏడాది దాటింది. కళ్లలో నీటికాసులని, ఇక చూపు రాదని కొడుకునూ కోడలినీ నెల్లూరు డాక్టరు పక్కకు పిలిచి చెప్పాడు. ఆమెతో మాత్రం "మెల్లగా తగ్గుతుందంట" అని వాళ్లు సర్దిచెప్పారు. వెలుతురూ నీడా తప్ప ఇంకేమీ ఆనడం లేదని ఆమె వాళ్లకు చెప్పలేదు. వాళ్లూ అడగలేదు. ఆ తర్వాత అల్లిన మొదటి స్వెట్టరుకు ఒక చెయ్యి పొట్టి, ఒక చెయ్యి పొడుగు, మధ్యలో జారిపోయిన కుట్ల కన్నాలు. కొన్న టీచరమ్మ తిప్పి పంపింది. కృపారాణి దాన్ని కొంగు చాటున లోపలికి తెచ్చి, పోగు లాగి విప్పేసింది. మర్నాడు అదే ఊలు మళ్లీ ఉండచుట్టి అత్త చేతికిచ్చి, ఇంకో బిడ్డ పేరు చెప్పింది.

అప్పట్నుంచీ అదే తంతు. రాహేలమ్మ గురువారాలు చర్చిలో స్త్రీల సమాజానికి పోయినప్పుడు కృపారాణి వారమంతా అల్లింది విప్పుతుంది, ఉతుకుతుంది, వంకరలు పోవడానికి ఇత్తడి చెంబు బరువు కట్టి ఆరేస్తుంది. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. కృపారాణి అతకడంలో ఆరితేరింది. మస్తానయ్య చుట్టాల పేర్లు, నిరోష క్లాసు పిల్లల పేర్లు, ఎన్నికల్లో డిపాజిట్టు పోయినవాళ్ల పేర్లు కూడా వాడేసింది. పోయిన చలికాలంలో ఒక పొద్దున పేర్లన్నీ అయిపోయి, నోటికి వచ్చింది అనేసింది. సమూయేలు. ఎవరి బిడ్డ అంటే, ఉదయగిరి నర్సు లిదియమ్మ చెల్లెలి కొడుకని చెప్పింది. చెప్పి, గబగబా వంటింట్లోకి పోయి తలుపు వేసుకుంది.

లిదియమ్మ గొంతే తప్ప మనిషి ఎన్నడూ ఆత్మకూరు రాలేదు గదా అని ధైర్యం. తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తాడని ఊరికే అన్నారా?

కరుణాకరు పేరు చెప్పిన ఆ రోజే, వంట పూర్తయ్యే వేళకు తెల్లచీర కట్టుకున్న లావుపాటి మనిషి గుమ్మంలో నిలబడి, "కృపారాణి ఇల్లు ఇదేనా?" అంది. గొంతు వినగానే కృపారాణికి సంతోషమూ భయమూ ఒక్కసారే వచ్చాయి.

"లిదియమ్మక్కా! నువ్వా?"

"నేనే. ఆస్పత్రిలో మీటింగంటే వచ్చినా. ఎన్నాళ్లని ఫోన్లోనే మాట్లాడేది, నీ మొహం చూసి పోదామని."

కృపారాణి ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోబోయింది. ఈలోపే రాహేలమ్మ మొహం విప్పారింది.

"ఎవురూ, ఉదయగిరి లిదియమ్మా? రా తల్లీ, ఇట్ట కూర్చో. మీ చెల్లెలి కొడుకు ఎట్టుండాడు? నడస్తా ఉండాడా?"

"ఎవురు పెద్దమ్మా?"

"సమూయేలమ్మా. నేను గదా స్వెట్టరు అల్లింది. చేతులు సరిపోయినాయా వాడికి?"

వెనక నుంచి కృపారాణి కళ్లతో సైగ చేసింది, చేతులు జోడించింది. లిదియమ్మ ఉన్నమాట అనేసే మనిషి. సైగలు ఆమెకు ఎక్కలేదు.

"నాకు చెల్లెలే లేదు గదా పెద్దమ్మా! అందురూ అన్నదమ్ములే. అయినా నేను కొనేది ఊలే గానీ, అల్లిన స్వెట్టరు ఎప్పుడు కొన్నాను? ఏం కృపా, ఇంకెవురో అయ్యుంటారేమో!"

రాహేలమ్మ ఒళ్లోని ఉండలోంచి మూరెడు పోగు లాగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెల్లగా జరిపింది. ఒకసారి అల్లి విప్పిన ఊలు ఎంత ఉతికినా పూర్తిగా సాపు కాదు. లోపల సన్నటి వంకర ఉండనే ఉంటుంది.

"మద్రాసు నుంచి ఈ మధ్య నాసిరకం వస్తా ఉండాదేమో అనుకున్నా" అని, ఉండను పక్కన పెట్టేసింది.

లిదియమ్మ వెళ్లాక ఆ మధ్యాహ్నం రాహేలమ్మ అన్నం ముట్టలేదు. కృపారాణి రెండుసార్లు కంచం తెచ్చి, రెండుసార్లూ వెనక్కి తీసుకుపోయింది.

సాయంత్రం డేవిడ్‌రాజు బడి నుంచి వచ్చేసరికి తల్లి వరండాలో రేకు పెట్టె పక్కన పెట్టుకుని, చెప్పులు తొడుక్కుని కూర్చుని ఉంది.

"రేయ్ డేవిడూ, నన్ను ఉదయగిరి బస్సెక్కించు."

"ఏమైందిమా?"

"నీ పెండ్లాన్ని అడుగు."

గడప దగ్గర నిలబడి కృపారాణి అంతా చెప్పింది. దాచడానికి ఇంకేం మిగిలిందని. వింటున్నకొద్దీ డేవిడ్‌రాజు మొహం ఎర్రబడింది.

"ఇన్నాళ్లూ పెద్దామెను ఎర్రిదాన్ని చేసి ఆడించినావా? ఒక్క మాట చెప్పేస్తే పోయేదానికి!"

"ఏ మాట చెప్పేది?" కృపారాణి గొంతు లేచింది. "నీకు కండ్లు లేవు, సూదులు అవతల పారేసి మూల కూర్చో అనా? మీ అమ్మే గదా, మీరు చెప్పండి. నెల్లూరు డాక్టరు చెప్పిన మాట ఇంతవరకూ మీ నోట్లోంచి వచ్చిందా?"

అన్నాక నాలుక కరుచుకుంది. రాహేలమ్మే నోరు విప్పింది.

"నా కండ్లు పోయినాయని నాకు తెలవదంట్రా? కుట్లు జారేదీ తెలుస్తానే ఉండింది. ఎవురూ తిప్పి పంపలేదు గదా, నేను వదిలేసిన కాడ దేవుడే సరిచేస్తా ఉండాడు అనుకున్నా. ముసిలిదాని పిచ్చి." కోడలి గొంతు వినిపించిన వైపు తిరిగింది. "కృపా, నువ్వు నా అల్లిక ఇప్పుకున్నావు, ఇప్పుకో. నేనేం అనుకోను. లేని బిడ్డల పేర్లు చెప్పి నాతో ప్రార్థన ఎందుకు చేయించినావే? వాడికి జ్వరం తగ్గించు, వీడికి చదువియ్యి అని మోకాళ్లేసి అడిగినానే. దేవుడి ముందర నన్ను అబద్ధాలాడించినావు గదే!"

కృపారాణి తల దించుకుంది.

"అందురూ లేనోళ్లేనా? ఒక్కడన్నా ఉండాడా?"

"ఒకడుండాడత్తా."

లోపలికి పోయి ఇనప పెట్టె తెరిచి, ఉండలన్నీ పక్కకు నెట్టి, అడుగు నుంచి లేత నీలం స్వెట్టరు ఒకటి తీసుకొచ్చింది. అరచెయ్యంత స్వెట్టరు. దాన్ని అత్త ఒళ్లో పెట్టింది.

"సమూయేలు ఉండాడు."

"ఎవురి బిడ్డ?"

"మా బిడ్డే అత్తా. నిరోష కంటే ముందు పుట్టినోడు."

డేవిడ్‌రాజు చేతిలోని సంచీ జారి కింద పడింది. ఒక్క పూట బతికిన బిడ్డ వాడు. తువ్వాల్లో చుట్టి తనే చర్చి వెనకకి మోసుకుపోయాడు. ఉదయగిరి నుంచి తల్లి బస్సు దిగేలోపే అంతా అయిపోయింది. పేరు పెట్టని బిడ్డను తలుచుకోకూడదని పెద్దలు చెప్పారు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఎవరూ వాడి మాట ఎత్తలేదు.

"అందురూ పేరు లేదంటిరి. నేను పెట్టుకున్నా అత్తా, వాడు కడుపులో ఉండంగానే. ఎవురికీ చెప్పలా. ఆ పొద్దు నువ్వు బిడ్డ పేరేందని అడిగితే, నా నోట్లోంచి వాడే వచ్చినాడు. మిగతావన్నీ ఇప్పేసినా. దీన్ని ఇప్పబుద్ధి కాలేదు."

రాహేలమ్మ వేళ్లు స్వెట్టరు మీద పాకాయి. ఒక కన్నంలో వేలు దూరింది. ఇంకో కన్నం. రెండు చేతులూ పక్కపక్కన పెట్టి కొలిచి, పొడుగు చెయ్యి కొసను పట్టుకుంది.

"ఇట్టా అల్లినానా?" అంది. తర్వాత చిన్న గొంతుతో, "వాడు బడికి పోవాలని అడిగినానే కృపా. పుస్తకాల సంచీ మోసేంత బలం ఇయ్యి దేవా అన్నానే."

కృపారాణికి అంతవరకూ ఆగిన ఏడుపు ఒక్కసారిగా తన్నుకొచ్చింది. అత్త కాళ్ల దగ్గర కూలబడి, ఆమె ఒళ్లో మొహం దాచుకుంది.

"నేను విన్నా అత్తా. వంటింటి తలుపు వెనక నిలబడి అన్నీ విన్నా. వాడు బోర్లా పడినాడు, వాడు నడిచినాడు, వాడు బడికి పోయినాడు. ఇది అబద్ధం, ఆపమని నీకు ఎట్టా చెప్పేది? నువ్వు అది అల్లినన్నాళ్లూ నా బిడ్డ పెరిగినాడత్తా!"

రాహేలమ్మ చెయ్యి కోడలి తల మీద ఆనింది. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు. బస్టాండులో ఉదయగిరి బస్సు హారను కొట్టి వెళ్లిపోయింది. దాని సంగతి ఎవరూ తలపెట్టలేదు. డేవిడ్‌రాజు కళ్లు తుడుచుకుని, రేకు పెట్టె ఎత్తుకుని లోపలికి నడిచాడు.

"లెయ్" అంది రాహేలమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "చేతులు సమంగా లేకపోతే బిడ్డ ఎట్టా తొడుక్కుంటాడు? నేను ఇప్పతా, నువ్వు ఉండ చుట్టు. మళ్లా అల్లేది మాత్రం నువ్వే. ఇంక నా చేత కాదు."

పొడుగు చెయ్యి కొసన తను వేసిన ముడిని గోటితో వెతికి విప్పింది. పోగు వరస వెంట వరస ఊడి వస్తుంటే కృపారాణి ఉండ చుట్టసాగింది. ఇన్నాళ్లూ దొంగచాటుగా చేసిన పని ఇప్పుడు అత్తకు ఎదురుగా కూర్చుని చేస్తోంది.

రెండు చేతులూ సమానం అయ్యేదాకా విప్పి, రాహేలమ్మ ఆగింది.

"నేనొచ్చేలోపల మట్టి చేసేసినారు. చూసుకోలేదు నేను. వాడు ఎవురి పోలిక?"

పెట్టె లోపల పెట్టి మళ్లీ గడప దాకా వచ్చిన డేవిడ్‌రాజు అక్కడే ఆగిపోయాడు. ఆ బిడ్డను చేతులారా మోసుకుపోయిన మనిషికి కూడా తువ్వాలు తొలగించి మొహం చూసే ధైర్యం చాలలేదు. వాడెలా ఉన్నాడని ఇన్నేళ్లలో కృపారాణిని అడిగినవాళ్లే లేరు.

"నీ పోలికే అత్తా" అంది కృపారాణి. "గడ్డం మీద చిన్న నొక్కు. అచ్చం నీకు మల్లేనే."

నీలం పోగు వేలికి చుట్టుకుని ఉండగానే రాహేలమ్మ చెయ్యి మెల్లగా పైకి లేచి, తన గడ్డాన్ని తడుముకుంది.