ఖాళీ ట్యాబ్

"ఇంకోసారి నొక్కండమ్మా," అంది నూకరత్నం. డాక్టర్ కృత్తిక ఇంకోసారి నొక్కింది. తెర మీద మళ్లీ అదే మాట: ఏమీ లేదు.

ఏమిటి లేనిదంటారా? చెప్తాను, కాస్త ఓపిక పట్టండి. నూకరత్నం మొగుడు సన్యాసయ్య విశాఖ హార్బర్‌లో ముప్పై ఏళ్లు క్రేన్ నడిపాడు. తలకు దెబ్బ తగిలి జ్ఞాపకాలన్నీ కలగాపులగమైపోయాయి. అలాంటివాళ్ల కోసం కృత్తిక ఒక మెత్తటి టోపీ తయారుచేసింది. తలకు పెడితే అది జ్ఞాపకాలను చదివి డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో చూపిస్తుంది. మొదట్లో ఒక్కో జ్ఞాపకం ఒక్కో విండోగా తెరుచుకునేది. అయ్యబాబోయ్, ఒకదాని మీద ఒకటి నలభై! తల్లి చావూ, తుపాను గాలీ, క్రేన్ సైరనూ ఒకేసారి మీద పడుతుంటే పాపం సన్యాసయ్య తల పట్టుకుని కూర్చునేవాడు.

అందుకని కృత్తిక ఆ సాఫ్ట్‌వేర్‌కి ట్యాబ్‌లు పెట్టింది. తెర పైన వరసగా పేర్లుంటాయి. ఏ పేరు నొక్కితే ఆ జ్ఞాపకాలే కనిపిస్తాయి, మిగతావి వెనకాల నోరు మూసుకుని కూర్చుంటాయి. ట్యాబ్‌కి ఒక పేరు పెడితే చాలు, ఆయన బుర్రలో ఆ మాటతో దాచుకున్నవన్నీ సాఫ్ట్‌వేరే ఏరి తెస్తుంది. 'క్రేన్' నిండింది. 'అమ్మ' నిండింది. ఆ రోజే మధ్యాహ్నం మూడింటికి చికిత్స. ట్యాబ్‌లలో చేరినవి ఆయనకు నిలుస్తాయి, చేరనివి చెరిగిపోతాయి.

'నూకరత్నం' ట్యాబ్ మాత్రం ఖాళీ.

"ముప్పై ఎనిమిదేళ్ల కాపురం డాక్టరమ్మా! ఆ క్రేనుకున్న పాటి విలువ నాకు లేకపోయిందేటి?" అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. సన్యాసయ్య టోపీ పెట్టుకుని బిక్కమొహం వేశాడు. ఏడుస్తున్నావిడ ఎవరో తెలియదు గానీ, ఆమె ఏడుస్తుంటే ఆయనకీ ఏడుపొస్తోంది.

కృత్తిక వైర్లన్నీ మళ్లీ చూసింది. గడియారం రెండున్నర దాటింది. అప్పుడడిగింది, "ఇంట్లో ఆయన మిమ్మల్ని ఏమని పిలుస్తారండీ? పేరు పెట్టేనా?"

"చాల్లెండి! పెళ్లాన్ని పేరు పెట్టి పిలుస్తారేటి ఎక్కడైనా? 'ఇదిగో' అంటారు."

ఎంత చదువుకుంటే ఏం లాభం, ఈ సంగతి ముందే అడగొద్దూ! కృత్తిక గబగబా పక్కనే ఇంకో ట్యాబ్ తెరిచి 'ఇదిగో' అని టైపు చేసింది.

కంప్యూటర్ కాసేపు బిగుసుకుపోయింది. ఆ తర్వాత మొదలైంది. ఇదిగో, నా చొక్కా ఏదీ. ఇదిగో, వానొస్తోంది, బట్టలు తియ్. ఇదిగో, నువ్వు తిన్నావా. జ్ఞాపకాల లెక్క పదివేలు దాటినా ఆగలేదు. నూకరత్నం రెండు చేతులతో తెరను తడిమింది.

చికిత్స ఫలించింది. నెల తిరిగేసరికి సన్యాసయ్య మామూలు మనిషయ్యాడు. కానీ ఆ ఖాళీ ట్యాబ్ చూసి సిగ్గుతో చచ్చిపోయాడు. "ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా పేరు పెట్టి పిలవలేదా నేను? ఇకనుంచి చూడండి, నింపేస్తాను," అన్నాడు. కృత్తిక మురిసిపోయింది.

రెండు వారాల తర్వాత నూకరత్నం మాడుగుల హల్వా పొట్లంతో ఒక్కతే ల్యాబ్‌కి వచ్చింది.

"ఆయన బాగున్నారా?"

"బాగున్నారమ్మా, మీ చలవ. పొద్దస్తమానం నూకరత్నం, నూకరత్నం అంటన్నారు. ఆ ట్యాబ్ కాస్త తీసేద్దురూ."

"అదేమిటి, ఎందుకండీ?"

"ఎవరో పరాయిదాన్ని పిలుస్తున్నట్టుంది తల్లీ. విన్నప్పుడల్లా ఒళ్లు మండిపోతంది. నా 'ఇదిగో' నాకిప్పించండి."