ప్రతిభ పక్కన నిలవడ్డామె

"కంటికి ఏస్తున్నవా, చెంపకు ఏస్తున్నవా?"

ప్రతిభ నాతోని అన్న మొదటి మాట గిదే. సిరోంచ బస్టాండు కాడ మందుల దుకాణం ముంగట బెంచి మీద కూసొని, తలకాయ ఎన్కకు వంచి, సీసా పట్టుకొని తిప్పలు వడుతున్న. మూడు చుక్కలు చెంప మీదికెల్లి మెడలకు పోయినయి. నాలుగోది ముక్కుల వడ్డది.

"నవ్వకు. కొత్త కన్ను," అన్న.

"కన్ను కొత్తదే గని తెలివి పాతదే ఉన్నట్టున్నది," అనుకుంట బయటికొచ్చింది. చేతులు సబ్బుతోని కడుక్కున్నది. కింది రెప్ప గుంజి ఒక్క చుక్క సక్కగ ఏసింది. "ఏం పేరు?"

"ఉమేష్."

"ఇంట్ల ఎవలు లేరా, చుక్క ఏసెటోళ్లు?"

మా అమ్మ ముత్తక్క ఉన్నది. కని ఆ కన్ను ముట్టది.

పోయిన వరికోతల వడ్ల కంకి కొట్టి కన్ను పుండయింది. నల్లగుడ్డు మీద తెల్లపొర కమ్మింది. హైద్రాబాద్ల ఆ పొర తీసేసి, సచ్చిపోయినోళ్లు ఎవలో ఇచ్చిన పొర పెట్టి, చుట్టూత పదారు కుట్లు ఏసిండ్రు. ఇచ్చినోళ్ల పేరు డాక్టర్లు చెప్పరు. అదే మా అమ్మకు పరేషాన్. నాకు అన్నం పెట్టేటప్పుడు ముందుగాల ఒక ముద్ద తీసి ఆకుల పక్కకు పెడుతది. "మనింట్ల ఉంటున్నరు గదా, ఆకలైతది," అంటది. ఒక్కోపాలి నా కంట్లకు వంగి చూసి, "ఆడామెవా, మొగాయనవా? కారం తింటవా?" అని మెల్లగ అడుగుతది. అడిగేది నన్ను గాదు.

గిదంత చెప్తే ప్రతిభ నవ్వుతదనుకున్న. నవ్వలే.

"రోజుకు ఎన్నిసార్లు ఏసుకోవాలె?"

"నాలుగు."

"నాలుగుసార్లు ఈడికే రా. మందు ఖరాబు చెయ్యకు."

దుకాణం వాళ్ల చిన్నాయన లస్మయ్యది. ప్రతిభ అహేరిల ఫార్మసీ చదివొచ్చి, తెల్లకోటు ఏసుకొని గల్లా ఎన్క నిలవడుతది. నేను నాలుగుసార్లకు నాలుగుసార్లు టైముకు పోయేటోన్ని. స్కూలుకు గూడ అంత టైముకు ఎన్నడు పోలే. ఒకరోజు మా అమ్మ నాతోని వస్తే, "కూసో అత్తా," అన్నది. ఊరి వరుసే. అయినా ఆ దినమంత నాకు అన్నం సయించలే.

తర్వాత కన్ను చూసే మంచిర్యాల డాక్టరమ్మ ఒక ముచ్చట ముందే చెప్పి పంపింది. కుట్లు బిగువుగ ఉన్నన్ని రోజులు ఒకటి రెండు కనవడతదట, ఫికర్ చెయ్యద్దట. నిజమే. బల్బు పక్కన పలచగ ఇంకో బల్బు. బస్సు పక్కన బస్సు. మా అమ్మ పక్కన ఇంకో అమ్మ. తెల్లటివి మరింత సాఫ్ కనవడుతుండె. అందుకే ప్రతిభ పక్కన ఉన్నామె అందరికంటె మంచిగ కనవడేది.

ఒకనాడు మాపటీలి వాన దంచుతున్నది. కరెంటు పోయింది. దుకాణంల కొవ్వొత్తి వెలుగు. ప్రతిభ సీసా మూత తీస్తుంటే నాకు చిలిపి పుట్టింది.

"ప్రతిభా, నీ పక్కన ఇంకొకామె నిలవడ్డది."

పోవోయ్ అంటదనుకున్న. ఆమె చేతుల సీసా కింద వడ్డది.

"ఎడమ దిక్కా?" అన్నది.

"ఆ."

"ఆమెకెల్లి నీళ్లు కారుతున్నయా?"

చూరుకెల్లి నీళ్లు కారుతున్నయి. ఆమె వెనకాల వాన. ఏది ఏందో తెలుస్తలేదు. "కారుతున్నయి," అన్న.

ప్రతిభ గల్లా పట్టుకొని నిలవడ్డది. కొవ్వొత్తి దిక్కు చూసుకుంట చెప్పింది. వాళ్లక్క రేష్మ. మూడేండ్ల కింద ప్రాణహితల కొట్టుకపోయింది. శవం గూడ దొరకలే. "ఆ పొద్దు బట్టలు ఉతుక పోవుడు నా వంతు. పోనని లొల్లి వెట్టుకున్న. అక్కనే మూట ఎత్తుకున్నది. పో, మళ్ల రాకు, అన్న."

అప్పుడే చెప్పాలె, ఇది కుట్ల ఆటనే అని. చెప్పలే. ఆ మాపటీలి ఆమె నన్ను గంటసేపు కూసోబెట్టుకున్నది. నేను అంత ఆశవోతునన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

తెల్లారికెల్లి చుక్క ఏసుడు తర్వాత, అడుగుడు ముందు.

"ఉన్నదా?"

"ఉన్నది."

"ఏం జేస్తున్నది?"

"నిన్నే చూస్తున్నది."

బెంచి మీద తన పక్కన ఒక మనిషి కూసునే జాగ ఇడిచిపెట్టుడు మొదలు పెట్టింది. గిరాకులు ఆడ కూసోవోతే, "జర ఇటు జరుగుండ్రి," అనేది. దుకాణం మూసేటప్పుడు అక్క బయటికొచ్చేదాంక షట్టరు గుంజకపోయేది. లస్మయ్య ఇదంత చూసి బీడీ ముట్టిచ్చుకునేటోడు.

ఒకరోజు అడిగింది. "అక్కకు నా మీద కోపమున్నదా? అడుగు."

"లేదు," అన్న. "తలకాయ ఊపింది."

ప్రతిభ మొఖం చూస్తే మూడేండ్ల బరువు దించినట్టున్నది. నా చెయ్యి పట్టుకున్నది, మొదటిసారి. నేను సంబురపడాలె గదా. కని ఆమె వెళ్లి అల్మారి దిక్కు తిరిగినప్పుడు, పక్కనున్నామె తిరగలే అనిపిచ్చింది. నన్నే చూస్తున్నట్టు అనిపిచ్చింది. రెప్పపాటే. అబద్ధమాడినోనికి అట్లనే కనవడతదని నాకు నేను చెప్పుకున్న, కని ఆనాటికెల్లి ఆమెను సూటిగ చూసుడు బంద్ జేసిన.

కార్తీకంల కంట్ల ఇసుక వడ్డట్టు గుచ్చుడు మొదలైంది. అద్దంల చూసుకుంటే కన్ను ఎర్రగున్నది, ఒక కుట్టు కొస లేచున్నది. ఎరుపొచ్చినా, గుచ్చినా అదేరోజు రావాలె, లేకుంటే పెట్టిన పొర పాడైతదని డాక్టరమ్మ పదిసార్లు చెప్పింది. నేను పోలే. కుట్టు తీస్తే పక్కన కనవడే ఆ నీడ పోతది. నీడ పోతే ప్రతిభ నాకోసం ఎందుకు ఎదురుచూస్తది? నల్లద్దాలు పెట్టుకొని, "నేనే చుక్క ఏసుకొచ్చిన," అని రెండు దినాలు అబద్ధాలాడిన.

మూడో దినం ప్రతిభ అద్దాలు గుంజేసింది.

"ఎన్ని దినాలాయె?"

"రెండు."

"పాగల్ గానివా? కన్ను పోతదిరా." నన్ను రా అని పిలిచింది మొదటిసారి. తర్వాత గొంతు తగ్గింది. "కుట్టు తీస్తే అక్క పోతదా?"

"పోతది."

ఆమె పక్క జాగను చూసింది. శానసేపు చూసింది. కండ్లు తుడుసుకున్నది.

"పోనీ," అన్నది. "నీ కన్ను ఉండాలె. నడువు."

ఆ ఒక్కమాటకు నేను సిగ్గుతోని సచ్చిన.

మా అమ్మను గూడ తోలుకొని మంచిర్యాల బస్సెక్కినం. బస్సు ప్రాణహిత వంతెన మీదికి రాంగనే ప్రతిభ నా దిక్కు వంగింది. కింద నీళ్లు కదులుతున్నట్టే లేవు.

"ఆఖరుసారి చూడు ఉమేష్. ఏమంటున్నది?"

"ఏమంటలేదు ప్రతిభా. ఎవలు లేరు."

"అప్పుడే పోయిందా?"

"ఎన్నడు లేదు. డ్రైవర్ పక్కన గూడ నాకు ఇంకొకడు కనవడుతున్నడు. అమ్మ పక్కన గూడ. కుట్లతోని అట్లనే కనవడతది, డాక్టరమ్మ మొదలే చెప్పింది. నువ్వు నాతోని కూసుంటవని అబద్ధమాడిన."

"తలకాయ ఊపిందన్నవు."

"ఊపలే."

"కోపం లేదన్నవు."

"నాకు తెల్వది."

వంతెన అయిపోయేదాంక నన్నే చూసింది. లేచి ముంగట సీట్ల మా అమ్మ పక్కన కూసున్నది. చెన్నూరు దాటినంక చూస్తే, మా అమ్మ భుజం మీద తల పెట్టి ఏడుస్తున్నది. అమ్మ ఆమె వీపు నిమురుతున్నది.

దవాఖానల మొద్దుబారే మందేసిండ్రు. మిషిన్ల గడ్డం పెట్టిచ్చి, రెప్ప కొట్టద్దన్నరు. సన్నగ గుంజినట్టయింది, అంతే. రెండు కుట్లు తీసింది డాక్టరమ్మ. ఎంటిక కన్న సన్నగున్నయి. "ఇంకో రెండు రోజులైతే ఈ కన్ను మీద ఆశ ఒదులుకునుడే," అని తిట్టింది.

బయటికొచ్చి చూస్తే గోడకు బల్బు ఒక్కటే ఉన్నది. అమ్మ ఒక్కతే ఉన్నది. ప్రతిభ కిటికీ కాడ నా దిక్కు వీపు చేసి నిలవడ్డది. పక్కన ఎవలు లేరు. ఆ ఖాళీ జాగ చూసి నాకు ఏడుపొచ్చింది.

తర్వాత మూడు దినాలు నేను దుకాణం దిక్కు పోలే, ఏ మొఖం పెట్టుకొని పోవాలె? నా అవస్త చూసి మా అమ్మనే చేతులు కడుక్కొని సీసా పట్టుకున్నది. "జర ఓర్చుకోరి," అని నా కన్నుకు చెప్పి, వడుకుకుంట ఏసింది.

నాలుగో దినం పొద్దుగాల లస్మయ్య ఇంటికొచ్చిండు. "బిడ్డ మూడు దినాలకెల్లి తెల్లారకముందే ఏటికి పోతున్నది. ఎందుకంటే చెప్పది. నువ్వు జర పోయి చూడు."

ఏటి దాంక ఉరికిన. మంచు కమ్మి అవతలి ఒడ్డు కనవడుతలేదు. నడుము లోతు నీళ్లల్ల ఒకామె నిలవడ్డది. ఎంటికలు ఇరబోసుకున్నది. ఒక్కతే. ఇప్పుడు నా కన్ను మోసం జేస్తలేదు, కనవడ్డది ఉన్నట్టే లెక్క.

"ప్రతిభా," అని పిలిచిన. తిరగలే. మళ్ల పిలిచిన. కదలలే.

ఎందుకన్ననో తెల్వది. "రేష్మక్కా," అన్న.

ఆమె మెల్లగ తిరిగింది. ప్రతిభనే. పెదవులు నీలమైనయి.

"ఆ పేరు గట్టిగ అని మూడేండ్లాయె మా ఇంట్ల," అన్నది.

"బయటికి రా ప్రతిభా. నీకు దండం వెడుత."

"సావనీకి రాలే. అడుగనీకి వచ్చిన. నీ కన్ను లేకుండనే అడిగిన."

"ఏమన్నది?"

"ఏమనలే. మూడు దినాలు ఏమనలే, ఇయ్యాల గూడ ఏమనలే. అయినా అడుగుత. గిది నాకు, మా అక్కకు. నువ్వు నడుమ రాకు."

"నడుమ రాను. ఒడ్డుకు నిలవడుత. రోజు వస్త."

"ఎందుకు?"

"నువ్వు నీళ్లల్లకెల్లి బయటికొచ్చేదాంక నా పాణం నా కాడ ఉండది. నువ్వంటే నాకు అంత ఇష్టం. అందుకే అబద్ధమాడిన, అందుకే నిజం చెప్పిన."

ప్రతిభ నీళ్లు తోసుకుంట వచ్చి ఒడ్డెక్కింది. చున్నీ పిండుకున్నది.

"సలిగాలి కంటికి మంచిది కాదని తెల్వదా? అద్దాలేవి?"

"ఉరికొచ్చిన. మర్చిపోయిన."

"పొద్దటి చుక్క?"

"ఏసుకోలే."

"నడువు. దుకాణం తీస్త."

ముంగట ఆమె, ఎన్క నేను. తడి ఇసుకల ఆమె అడుగులు వడుతున్నయి. మంచుల పది అడుగుల అవతల ఏం కనవడుతలేదు. సగం తొవ్వల ఆగింది. ఎన్కకు తిరగలే.

"ఉమేష్, నిజం చెప్పు. నా ఎన్క ఎవలన్న వస్తున్నరా?"

చుట్టూత చూసిన. ఏటి దిక్కు గూడ చూసిన.

"నేనొస్తున్న," అన్న.