ల్యాప్‌టాప్‌లో రెండో గొంతు

"ఆపవే! అది నా చెల్లెలి గొంతే!" రామ్మోహనరావు కుర్చీలోంచి లేచి కేకేశాడు.

కూతురు ఉదయలక్ష్మి చప్పున ల్యాప్‌టాప్‌లో పాట ఆపింది. పాత గ్రామఫోన్ రికార్డులను రోజుకొకటి చొప్పున ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిస్తోంది; ఇది నాలుగోది. ఇందులోనూ గాయని వెనకే, అరక్షణం ఆలస్యంగా, మరో ఆడగొంతు. సన్నగా, బావి అడుగు నుంచి వస్తున్నట్టు. ప్లేయర్ మీద అదే రికార్డు తిప్పితే ఆ గొంతు లేదు. ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాకే వినిపిస్తోంది.

ఆ రికార్డులన్నీ రామ్మోహనరావు చెల్లెలు వసుమతి కొని దాచుకున్నవి. ఆమె పోయి పాతికేళ్లు.

"ఇవి క్షణం కూడా ఇంట్లో ఉండకూడదు," అంటూ ఆయన పంజాగుట్ట సందులోకి పరుగెత్తి, పాత సామాన్లు కొనే కనకయ్యను వెంటబెట్టుకొచ్చాడు.

"గివేనా సారూ? మస్తు బరువున్నయ్. జర సంచి పట్టుండ్రి," అన్నాడు కనకయ్య.

"నాన్నా, అత్తయ్య గుర్తులు ఇవేగా! పది నిమిషాలు ఆగండి."

"గుర్తులు చాల్లేవే. పీడ వదలనీ!"

వంటింటి గుమ్మంలో ఆయన భార్య జానకీదేవి కొంగు నలుపుతూ నిలబడింది. ముఖంలో నెత్తురుచుక్క లేదు.

ఉదయలక్ష్మి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి మళ్లీ విన్నది. ఆ గొంతు వెనక ఇంకేదో ఉంది. వెనక్కి జరిపింది. "అమీర్‌పేట, అమీర్‌పేట! ఒక్కరే, ఒక్కరే!"

ఆమె హెడ్‌ఫోన్లు తీసేసింది. ముప్ఫయ్యేళ్ల నాటి రికార్డులో, తమ వీధిలోని షేర్ ఆటోవాడి అరుపు!

గబగబా సెట్టింగ్స్ తెరిచింది. ప్లేయర్ నుంచి వైరు గుచ్చింది గానీ, ఆ వైరునే వినమని ల్యాప్‌టాప్‌కు చెప్పడం మరిచింది. నాలుగు రోజులుగా అది దాని సొంత మైకుతో ఈ గదిని వింటోంది.

రోజూ నాన్న బల్కంపేట వైపు నడకకు వెళ్లాక రికార్డింగ్ పెట్టి తను స్నానానికి పోతుంది. ఇక గదిలో మిగిలేది...

"అమ్మా, నువ్వా?"

జానకీదేవి తల దించుకుంది. "ఎవరూ లేరు కదాని..."

"నువ్వా?" రామ్మోహనరావు నోరు తెరిచాడు. "అచ్చం వసుమతిలా ఉంటేనూ!"

"ఆ గమకాలు తను నా దగ్గరే నేర్చుకుందండీ. ఈ వంటింట్లో, తలుపేసుకుని."

"తలుపేసుకోవడం దేనికమ్మా?" అంది ఉదయలక్ష్మి.

"కోడలు నోరెత్తి పాడకూడదన్నారు. మానేశాను."

"ఎవరా మాటన్నది? మా అమ్మేనా?" ఆయన గొంతు పెంచాడు.

"పాపం, అత్తయ్యగారు పాడమనేవారు."

"మరెవరు? పేరు చెప్పు, నేను కడిగేస్తాను!"

కనకయ్య మెల్లగా సంచి కింద పెట్టేశాడు. జానకీదేవి కళ్ల నిండా నీళ్లు. ఆ చూపు ఎటు నిలిచిందో గ్రహించేసరికి రామ్మోహనరావు ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇన్నేళ్ల కాపురంలో మొగుడి పేరు పెదవి దాటనివ్వని ఆ ఇల్లాలు, మొదటిసారి ఆయన ముఖంలోకి చూస్తూ పలికింది.

"రామ్మోహనరావు."